క్యాథ్ ల్యాబ్‌లో డాక్టరుకు రేడియేషన్ రక్షణ: పెడల్ నుంచి బ్యాడ్జ్ దాకా

డాక్టరుకు తగిలే రేడియేషన్ ఎక్కడి నుంచి వస్తోందని క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రే బొమ్మ చూస్తూ గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టాలు పంపే గదిలో, ఎవరినైనా అడిగి చూడండి. చాలామంది బల్ల కింద ఉన్న ఎక్స్‌రే ట్యూబ్ వైపు చెయ్యి చూపిస్తారు. ట్యూబ్ నుంచి సూటిగా వచ్చే కిరణం రోగి ఒంట్లోంచి దూసుకుపోయి పైనున్న డిటెక్టర్‌కు చేరుతుంది. మీరు చెయ్యి అడ్డం పెడితే తప్ప అది మీ జోలికి రాదు. మీకు తగిలేది రోగి ఒంట్లో పడి నలువైపులా చెదిరే కిరణాలు, ల్యాబ్ భాషలో స్కాటర్. అంటే మీ లెక్కలో దీపం రోగి శరీరమే. ఈ మాట గుర్తుంటే కింద చెప్పేవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఆ దీపాన్ని తగ్గించాలి, దానికి దూరంగా జరగాలి, జరగలేనప్పుడు దానికీ మీకూ మధ్య అడ్డు పెట్టుకోవాలి. లెడ్ ఏప్రాన్ వీటన్నిటి తర్వాత వచ్చేది. ఏప్రాన్ వేసుకున్నాం కదా అన్న ధీమాతో మిగతావి వదిలేయడమే క్యాథ్ ల్యాబ్‌లో ఎక్కువగా కనిపించే పొరపాటు.

ముందు ఒక లెక్క

మామూలు ఫ్లోరోస్కోపీలో (కదిలే ఎక్స్‌రే బొమ్మను అప్పటికప్పుడు చూడటం, పొట్టిగా ఫ్లోరో) రోగి చర్మం మీద నిమిషానికి సుమారు 20 మిల్లీగ్రే పడుతుందనుకుందాం. రోగి నుంచి ఒక మీటరు దూరంలో స్కాటర్ దాదాపు అందులో వెయ్యో వంతు ఉంటుంది, అంటే నిమిషానికి 20 మైక్రోగ్రే. కేసుకు 8 నిమిషాల ఫ్లోరో, ఏడాదికి 400 కేసులు చేసే డాక్టరు కన్ను ఏ అడ్డూ లేకుండా రమారమి మీటరు దూరంలో ఉంటే:

20 × 8 = 160 మైక్రోగ్రే, అంటే కేసుకు 0.16 మిల్లీసీవర్ట్ (ఎక్స్‌రేలకు గ్రే, సీవర్ట్ అంకెలు ఒకటే). 400 కేసులకు 64 మిల్లీసీవర్ట్.

ఇందులో సినీ రన్లు, అంటే దాచుకోవడానికి ఎక్కువ డోసుతో తీసే బొమ్మల వరసలు, కలపలేదు. అంతర్జాతీయ రేడియలాజికల్ రక్షణ కమిషన్ ఐసీఆర్‌పీ 2011 ఏప్రిల్‌లో కంటి కటకానికి పరిమితిని ఏడాదికి 150 మిల్లీసీవర్ట్ నుంచి 20కి తగ్గించింది. అయిదేళ్ల సగటు 20, ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. మన లెక్కలోని డాక్టరు దానికి మూడు రెట్లు పైన ఉన్నాడు. పైనుంచి వేలాడే అద్దం తెర సరిగ్గా వాడితే డోసు అయిదో వంతుకు, అంటే 13 దగ్గరికి దిగుతుంది. బాగా అమరిన లెడ్ కళ్లద్దాలు దాన్ని ఇంకో సగానికి దించుతాయి. ఇది మోటు లెక్కే. మీ యంత్రం, మీ కేసులు, మీ నిలబడే తీరు దీన్ని అటూ ఇటూ జరుపుతాయి. అయినా పెద్ద తేడా తెచ్చేది ఏదో దీన్ని బట్టి తెలుస్తుంది.

పరిమితిని ఎందుకు తగ్గించారంటే, కటకం మసకబారడానికి కావలసిన డోసు అంతకుముందు అనుకున్నదానికంటే చాలా తక్కువని, దాదాపు 0.5 గ్రే చాలని తేలింది. రేడియేషన్ వల్ల వచ్చే శుక్లం కటకం వెనక పొర కింద మొదలవుతుంది. ఎయిమ్స్‌లో పనిచేసి తర్వాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు వెళ్లిన మెడికల్ ఫిజిసిస్ట్ మదన్ రెహానీ చొరవతో రెలిడ్ పేరుతో కార్డియాలజిస్టులకు, క్యాథ్ ల్యాబ్ సిబ్బందికి వరసగా కంటి పరీక్షలు జరిగాయి. రేడియేషన్ పని చేయనివాళ్లతో పోలిస్తే వీళ్లలో ఈ రకం మసకలు కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఇలాంటి డాక్టర్లకు మెదడులో ఎడమవైపు వచ్చిన కణుతుల గురించి వచ్చిన కేసుల చిట్టా మీద చర్చ సాగుతూనే ఉంది. కారణం రేడియేషనే అని అది రుజువు చేయలేదు. రోగి కుడివైపు నిలబడి పనిచేసే డాక్టరు తలకు ఎడమ పక్కన ఎక్కువ డోసు పడుతుందన్నది మాత్రం కొలతల్లో తేలిన విషయం.

కేసుకు ముందు: రెండు నిమిషాల పని

1. యంత్రంలో ఏ ప్రోగ్రాం తెరిచి ఉందో చూడండి. నిన్న చివరి కేసులో ఎవరో పల్స్ రేటు (కిరణం సెకనుకు ఎన్నిసార్లు మెరుస్తుందో) పెంచి ఉంటే ఇవాళ్టి మొదటి కేసు కూడా దానితోనే మొదలవుతుంది. కరోనరీ (గుండె రక్తనాళాల) పనికి సెకనుకు 7.5 పల్సులతో మొదలుపెట్టి, చాలకపోతేనే 15కు వెళ్లండి. సినీకి 15 ఫ్రేములు సరిపోతాయి. పెద్దవాళ్ల కరోనరీలకు 30 ఎందుకో చెప్పగల కారణం అరుదు.

2. పల్స్ సగం చేస్తే డోసు కూడా కచ్చితంగా సగమవుతుందని అనుకోవద్దు. బొమ్మ గరుకుగా కనిపించకుండా కొన్ని యంత్రాలు ఒక్కో పల్సు డోసును కాస్త పెంచుతాయి. మీ యంత్రంలో ఎంత తగ్గుతోందో సర్వీస్ ఇంజనీరును గానీ మెడికల్ ఫిజిసిస్టును గానీ ఒకసారి కొలిచి చెప్పమనండి.

3. రోగి బరువు, పాత కేసుల డోసు అడగండి. ఒంటి మందం 3 లేదా 4 సెంటీమీటర్లు పెరిగితే అదే బొమ్మకు కావలసిన కిరణం దాదాపు రెట్టింపవుతుంది. 95 కిలోల రోగికి ఒకే కోణంలో గంటసేపు పనిచేస్తే ఆయన చర్మానికీ మీ కంటికీ కూడా కష్టమే.

4. తెరలు, స్కర్టు తమ చోట ఉన్నాయో లేదో డ్రేపులు వేసే ముందే చూసుకోండి. స్టెరైల్ కవర్ తొడిగాక తెరను సర్దడానికి ఎవరికీ చెయ్యి రాదు.

బల్ల, ట్యూబ్, డిటెక్టర్

డిటెక్టర్ రోగి ఛాతీకి వీలైనంత దగ్గర. ట్యూబ్ వీలైనంత దూరం. అందరికీ తెలిసిన సూత్రమే, అందరూ మరిచేదీ ఇదే. కోణం మార్చేటప్పుడు తగలకుండా డిటెక్టర్‌ను పైకి ఎత్తుతారు, కోణం కుదిరాక దించరు. ఆ 10 సెంటీమీటర్ల ఖాళీకి యంత్రం కిక్కురుమనకుండా డోసు పెంచేస్తుంది, బొమ్మ మాత్రం మామూలుగానే ఉంటుంది. కోణం కుదిరిన ప్రతిసారీ పెడల్ తొక్కే ముందు డిటెక్టర్ దించే అలవాటు మీకైనా ఉండాలి, టెక్నీషియన్‌కైనా ఉండాలి.

బల్ల ఎత్తు దగ్గర ఒక చిక్కుంది. పొట్టిగా ఉన్న డాక్టరు సౌకర్యం కోసం బల్ల దించితే రోగి వీపు ట్యూబ్‌కు దగ్గరవుతుంది, చర్మం డోసు పెరుగుతుంది. అలాంటప్పుడు కాళ్ల కింద గట్టి మెట్టు వేసుకుని బల్లను పైనే ఉంచడం మేలు. మెట్టు వేస్తే పెడల్ కూడా అదే ఎత్తుకు రావాలి, లేకపోతే కాలు జారుతుంది.

కొలిమేషన్: కావలసినంత మేరకే కిరణం పడేలా అంచులు మూయండి. రోగిలో కిరణం పడే భాగం తగ్గితే స్కాటర్ అదే నిష్పత్తిలో తగ్గుతుంది, బొమ్మ కూడా స్పష్టంగా వస్తుంది. చాలా యంత్రాల్లో చివరి బొమ్మ మీదే అంచులు జరుపుకోవచ్చు, పెడల్ తొక్కక్కర్లేదు. మాగ్నిఫికేషన్ సంగతి దీనికి భిన్నం. 20 సెంటీమీటర్ల ఫీల్డు నుంచి 15కు వెళ్తే చర్మం మీద డోసు వేగం పెరుగుతుంది. స్టెంట్ అంచు సరిగ్గా చూడాల్సిన ఆ పది సెకన్లకు పెంచుకోండి, పని కాగానే వెనక్కి రండి. పెద్దదిగా చూడటమే కావాలంటే పెద్ద మానిటర్, డిజిటల్ జూమ్ ఉన్నాయి, వాటికి డోసు ఖర్చు లేదు.

పెడల్

కాలు పెడల్ మీద, కన్ను మానిటర్ మీద ఉండాలి. కన్ను మానిటర్ మీద లేనప్పుడు కాలు పెడల్ మీద ఉండటానికి కారణమే లేదు. అయినా ఏ ల్యాబ్‌లోనైనా పక్కన నిలబడి గమనిస్తే, వైరు మార్చేటప్పుడు, నర్సుతో మాట్లాడేటప్పుడు, కాంట్రాస్ట్ నింపుకునేటప్పుడు కూడా కాలు అక్కడే నొక్కి ఉండటం కనిపిస్తుంది. కొత్తగా చేరిన ఫెలోలకు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాళ్ల ధ్యాసంతా చేతి మీదే.

కాలును మచ్చిక చేసుకోవడానికి పనికొచ్చేవి:

వైరు, క్యాథెటర్ ఎక్కడున్నాయో చూడటానికి చివరి బొమ్మ నిలిచి ఉండే సౌకర్యం వాడండి. ఒక్క తట్టు తట్టి బొమ్మ తీసుకుని ఆలోచించండి, ఆలోచించేటప్పుడు కిరణం అక్కర్లేదు.

బెలూన్ ఊదిన రుజువు కోసం సినీ తీయకండి. ఫ్లోరో బొమ్మను దాచుకునే బటన్ ఉంటుంది, అది చాలు. సినీలో ఒక్కో ఫ్రేముకు పడే డోసు ఫ్లోరో కంటే పది రెట్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. మొత్తం కేసులో కిరణం నడిచిన సమయంలో సినీ చిన్న ముక్కే కావచ్చు, డోసులో మాత్రం దాని వాటా చాలా పెద్దది. అందుకే ఫ్లోరో సమయం ఒక్కటే రాసుకుని తృప్తిపడే రిజిస్టరు సగమే చెబుతుంది.

సినీకి ముందు గట్టిగా చెప్పండి. "సినీ" అన్న ఒక్క మాట వినగానే నర్సు, టెక్నీషియన్, మత్తు డాక్టరు ఒక పెద్ద అంగ వెనక్కి జరిగేలా అలవాటు చేయండి. 50 సెంటీమీటర్ల దగ్గర ఉన్నవారు మీటరున్నరకు జరిగితే వాళ్లకు వచ్చేది తొమ్మిదో వంతు. చేత్తో ఇంజెక్షన్ ఇస్తే మీరు జరగలేరు, కాబట్టి పొడవాటి ఎక్స్‌టెన్షన్ గొట్టం పెట్టుకోండి, వీలైన చోట పవర్ ఇంజెక్టర్ వాడండి. డీఎస్‌ఏ రన్ (ఎముకల నీడ తీసేసి రక్తనాళాలనే చూపే బొమ్మల వరస) అయితే తెర వెనక్కి గానీ గది బయటికి గానీ వెళ్లడమే సరైన పని. లివర్ ఎంబోలైజేషన్, మెదడు రక్తనాళాల పని చేసే రేడియాలజిస్టులకు ఈ ఒక్క అలవాటు చాలా మిగులుస్తుంది.

ఏ కోణంలో ఏ పక్కన నిలబడాలి

స్కాటర్ అన్ని దిక్కులకూ సమానంగా వెళ్లదు. కిరణం ఒంట్లోకి దిగే పక్క, అంటే ట్యూబ్ పక్క, ఎక్కువగా వెనక్కి చిమ్ముతుంది. డిటెక్టర్ పక్కకు వచ్చేసరికి ఒంట్లోనే చాలావరకు ఇంకిపోతుంది. ట్యూబ్ బల్ల కింద ఉన్నప్పుడు ఎక్కువ స్కాటర్ మీ మోకాళ్లకు, పిక్కలకు తగిలేది ఇందుకే.

మీరు రోగికి కుడి పక్కన నిలబడతారు. ఎల్ఏఓ (ఎడమ ముందు ఏటవాలు) కోణంలో డిటెక్టర్ రోగి ఎడమవైపు వెళ్తుంది, ట్యూబ్ మీ వైపు వస్తుంది. ఆర్ఏఓలో (కుడి ముందు ఏటవాలు) తలకిందులు. కాబట్టి ఎల్ఏఓ క్రేనియల్ (తలవైపు వంపు), ఎల్ఏఓ కాడల్ (కాళ్లవైపు వంపు) కోణాలు మీకు బాగా ఖరీదైనవి. సాలెపురుగు వ్యూ అని పిలిచే ఎల్ఏఓ కాడల్‌లో కిరణం ఒంట్లో ఏటవాలుగా ఎక్కువ దూరం పోవాలి, దాంతో యంత్రం డోసు పెంచుతుంది, ట్యూబేమో మీ పక్కనే ఉంటుంది. లెఫ్ట్ మెయిన్ (గుండెకు ఎడమవైపు ప్రధాన రక్తనాళం) చూడటానికి ఆ వ్యూ కావాలి, కాదనలేం. బొమ్మ తీసుకుని నిర్ణయం తీసుకున్నాక గంటసేపు పని కూడా అక్కడే చేయాలా అన్నది ఆలోచించాలి. 10 డిగ్రీలు తగ్గించినా పని నడుస్తుందేమో చూడండి. కోణాన్ని అప్పుడప్పుడు మారిస్తే రోగి చర్మం మీద ఒకే చోట పడే డోసు కూడా పంచుకుపోతుంది.

పూర్తి లేటరల్‌లో (కిరణం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు అడ్డంగా పోయే కోణం) డిటెక్టర్ వైపే నిలబడండి. ట్యూబ్ వైపు నిలబడక తప్పకపోతే మధ్యలో తెర ఉండాలి.

రేడియల్ దారి (మణికట్టు రక్తనాళం గుండా వెళ్లడం) రోగికి మంచిది, రక్తస్రావం తక్కువ. డాక్టరుకు డోసు మాత్రం ఫెమోరల్ (తొడ మొదట్లోని రక్తనాళం) కంటే కొంచెం ఎక్కువ పడుతుంది, ఛాతీకి దగ్గరగా నిలబడతారు గనక. రోగి చేతిని బయటికి చాపి ఉంచి అక్కడే పనిచేయకండి. షీత్ (రక్తనాళంలోకి దారిగా ఉంచే గొట్టం) పెట్టాక చేతిని ఒంటి పక్కకు తెచ్చి పనిచేస్తే మీరు తొడల దగ్గర నిలబడవచ్చు. రోగి బొడ్డు కింది నుంచి తొడల దాకా ఒక లెడ్ డ్రేప్ కప్పితే మీ చేతులకు, పొట్టకు వచ్చేది ఇంకా తగ్గుతుంది. డ్రేప్ కిరణం పడే చోటికి జరగకుండా చూసుకోవాలి. జరిగితే యంత్రం దాన్ని కూడా చీల్చుకుని చూడటానికి డోసు పెంచేస్తుంది.

తెరలు

బల్ల పక్కన వేలాడే లెడ్ స్కర్టు 0.5 మిల్లీమీటర్ల లెడ్‌కు సమానంగా ఉంటుంది. అది కాళ్లను, పొట్ట కింది భాగాన్ని కాపాడుతుంది. లేటరల్‌కు అడ్డమని తీస్తారు, తీసినది మూలన ఉండిపోతుంది. పై పలక, అంటే బల్ల మట్టం కంటే పైకి లేచే భాగం, కూడా నిలబెట్టాలి. అది పడుకుని ఉంటే నడుము దగ్గర జానెడు ఖాళీ మిగులుతుంది.

పైకప్పు నుంచి వేలాడే అద్దం తెర మీ కళ్లకు, మెడకు, తలకు ఉన్న ఏకైక గట్టి రక్షణ. దాన్ని ఎలా పెట్టాలో ఎవరూ నేర్పరు. పరీక్ష ఇది: మీరు నిలబడ్డ చోటి నుంచి రోగి ఛాతీ మీద కిరణం పడే భాగాన్ని చూడండి. అది అద్దం గుండా కనిపిస్తే మీ కళ్లకు రక్షణ ఉంది. అద్దం పక్క నుంచో, కింద నుంచో నేరుగా కనిపిస్తే స్కాటర్ కూడా అదే దారిన వస్తోంది. తెర కింది అంచు రోగి ఒంటికి ఆనాలి, వేలెడు సందు కూడా మిగలకూడదు. కొన్ని తెరలకు అడుగున మెత్తని లెడ్ కుచ్చులు ఉంటాయి, అవి ఆ సందు మూయడానికే. బల్ల జరిపిన ప్రతిసారీ, కోణం మారిన ప్రతిసారీ తెరను మళ్లీ సర్దాలి. ఇది విసుగు పనే. ఆ విసుగే ఎక్కువ మంది తెరను గోడ వైపు తోసేయడానికి కారణం.

తలవైపు కూర్చునే మత్తు డాక్టరుకు ఈ రెండు తెరలూ అందవు. ఆయనకు చక్రాల మీద కదిలే విడి తెర పెట్టండి.

ఒంటి మీద వేసుకునేవి

0.25 మిల్లీమీటర్ల లెడ్‌కు సమానమైన ఏప్రాన్ ల్యాబ్‌లోని స్కాటర్‌లో దాదాపు 90 శాతాన్ని, 0.5 మిల్లీమీటర్లది 95 శాతానికి పైగా ఆపుతుంది. మొత్తం 0.5తో కుట్టిన ఏప్రాన్ ఆరేడు కిలోల బరువు, పదేళ్లు మోస్తే నడుము, మెడ అరిగిపోతాయి. రెండు ముక్కలుగా ఉండి, చుట్టూ 0.25తో, ముందు ఒకదానిపై ఒకటి వచ్చి 0.5 అయ్యే రకం తీసుకోండి. చొక్కా బరువు భుజాల మీద, స్కర్టు బరువు తుంటి మీద పడి పంచుకుపోతుంది. సైజు ముఖ్యం. ల్యాబ్‌లో అందరికీ ఒకటే సైజు అన్న పద్ధతి వద్దు. చంకల దగ్గర వదులైతే ఎడమ చంక గుండా ఊపిరితిత్తులకు, స్త్రీలకు రొమ్ముకు స్కాటర్ నేరుగా తగులుతుంది.

థైరాయిడ్ కాలర్ 0.5 మిల్లీమీటర్లది, మెడకు ఆని ఉండాలి. ఉక్కపోసి వదులు చేస్తే అది మెడలో హారమే.

కళ్లద్దాల్లో మందం కంటే అమరిక పెద్దది. మార్కెట్లో దొరికేవి ఎక్కువగా 0.75 మిల్లీమీటర్లవి. స్కాటర్ ఎడమ పక్క నుంచి, కింద నుంచి వస్తుంది, మీరు చూసేది ఎదురుగా ఉన్న మానిటర్‌ను. బుగ్గకూ ఫ్రేముకూ మధ్య సందులోంచి వచ్చినదాన్ని ముందు గాజు ఆపలేదు. పక్క కవచాలు ఉండి, ముఖానికి ఒంపుగా అతుక్కునేవి తీసుకోండి. మామూలు చూపు అద్దాలు వాడేవారు నంబరుతోనే లెడ్ గాజు చేయించుకోవడం మేలు. పైన ఇంకోటి తగిలిస్తే అది జారి సందు పెరుగుతుంది.

లెడ్ టోపీల మీద నమ్మకం పెట్టుకోవద్దు. తలకు వచ్చే స్కాటర్ కింద నుంచి ముఖం, మెడ గుండా పైకి వస్తుంది, టోపీ దానికి అడ్డం రాదు. ఆ డబ్బుతో మంచి అద్దం తెర పెట్టించుకోండి. లెడ్ చేతి తొడుగులకూ హద్దుంది: స్కాటర్‌కు కాస్త అడ్డు తగులుతాయి, సూటి కిరణంలో మాత్రం తొడుగుతో చెయ్యి పెడితే యంత్రం డోసు పెంచుతుంది, చేతికీ రోగికీ ఇద్దరికీ నష్టం.

టీఎల్‌డీ బ్యాడ్జ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన దేశంలో ఇచ్చే టీఎల్‌డీ బ్యాడ్జ్‌లో (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేది) డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు ఉంటాయి, ఒకదాని ముందు లోహపు ఫిల్టర్, ఇంకోదాని ముందు ప్లాస్టిక్ ఫిల్టర్, మూడోదాని ముందు ఏమీ ఉండదు. మూడు నెలలకోసారి ప్రయోగశాలకు పంపితే వేడి చేసి చదువుతారు. ఛాతీ మట్టంలో, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. అక్కడే చిక్కు ఉంది. ఏప్రాన్ కింద ఉన్న బ్యాడ్జ్ మీ ఛాతీ, పొట్ట సంగతి చెబుతుంది. ఏప్రాన్ బయట ఉన్న కన్ను, తల, చేతుల సంగతి దానికి తెలియదు.

అందుకే ఇంటర్వెన్షన్ చేసేవారికి రెండు బ్యాడ్జ్‌లు కావాలి: ఒకటి ఏప్రాన్ లోపల, ఇంకోటి ఎడమ భుజం దగ్గర థైరాయిడ్ కాలర్ పైన. రెండింటినీ కలిపి మొత్తం ఒంటి డోసు అంచనాకు బాగా వాడుకలో ఉన్న సూత్రం: లోపలి రీడింగ్‌లో సగం, కాలర్ రీడింగ్‌లో 0.025 వంతు, రెండూ కలపాలి. ఉదాహరణకు ఒక త్రైమాసికంలో లోపల 0.4, కాలర్ మీద 8 మిల్లీసీవర్ట్ వచ్చిందనుకోండి. 0.2 + 0.2 = 0.4. ఏడాదికి 1.6. దేశంలో రేడియేషన్ భద్రతను చూసే అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఆ లెక్కన ఈ డాక్టరు ఎంతో భద్రంగా ఉన్నాడు. కానీ కాలర్ దగ్గరి 8, కంటికి వచ్చేదానికి దగ్గరి అంచనా. ఏడాదికి 32. కళ్లద్దాలు, తెర వాడకపోతే కంటికి ఐసీఆర్‌పీ పరిమితి దాటేశాడు. ఒక్క బ్యాడ్జ్ మాత్రమే పెట్టుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

రెండో బ్యాడ్జ్ తీసుకుంటే అది ఏప్రాన్ బయటిదని ప్రయోగశాలకు, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకు ముందే రాసి ఇవ్వండి. లేకపోతే 8 మిల్లీసీవర్ట్‌ను ఒంటి మొత్తం డోసుగా నమోదు చేసి, కారణం అడుగుతూ ఉత్తరం వస్తుంది. ఇంకా కొన్ని పాత పొరపాట్లు: బ్యాడ్జ్‌ను ఏప్రాన్‌కే గుచ్చి ల్యాబ్‌లో వదిలేయడం, కారు డాష్‌బోర్డు మీద పెట్టడం, చొక్కాతో పాటు చాకలికి వేయడం, కంట్రోల్ బ్యాడ్జ్‌ను ల్యాబ్ లోపలే ఉంచడం. కంట్రోల్ బ్యాడ్జ్ రేడియేషన్ లేని చోట ఉండాలి. మిగతావాటి రీడింగ్‌లోంచి దాన్ని తీసేస్తారు కాబట్టి, దానికే రేడియేషన్ తగిలితే అందరి డోసూ తక్కువగా కనిపిస్తుంది.

డోసు ఎక్కువ వస్తే పని ఆపేయమంటారేమోనని బ్యాడ్జ్‌ను డ్రాయర్‌లో పెట్టేవారూ ఉన్నారు. వరసగా సున్నాలు వచ్చే బిజీ ఆపరేటర్ రిపోర్టును సేఫ్టీ ఆఫీసరు అనుమానంగానే చూడాలి.

రోగి చర్మం మీద ఒక కన్ను

మానిటర్ మీద రెండు అంకెలు కనిపిస్తాయి: గ్రేల్లో ఎయిర్ కెర్మా (చర్మం దగ్గర ఇప్పటిదాకా చేరిన డోసుకు అంచనా), గ్రే-చదరపు సెంటీమీటర్లలో డోస్ ఏరియా ప్రాడక్ట్ (డోసును కిరణం పడే వైశాల్యంతో గుణించినది). 3 గ్రే దాటగానే, ఆ తర్వాత ప్రతి 1 గ్రేకు టెక్నీషియన్ గట్టిగా చెప్పాలి. 5 గ్రే గానీ, 500 గ్రే-చదరపు సెంటీమీటర్లు గానీ దాటితే కేసు షీటులో రాసి, వీపు మీద ఎర్రబారితే రమ్మని రోగికి, ఇంట్లోవాళ్లకు చెప్పి పంపండి. రెండు నుంచి నాలుగు వారాల్లో చర్మం చూడండి. చర్మానికి 2 గ్రే తగిలితే గంటల్లోనే కొద్దిగా ఎర్రబడి పోవచ్చు, 6 దగ్గర పదిరోజులకు అసలు ఎర్రదనం వస్తుంది. రోగి దాన్ని తామర అనుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్తాడు. అక్కడ యాంజియోప్లాస్టీ సంగతి ఎవరూ అడగరు, బయాప్సీ చేస్తే ఆ పుండు మానదు.

క్యాథ్ ల్యాబ్ బయటి సి-ఆర్మ్‌లు

జిల్లా కేంద్రాల్లోని ఎముకల ఆసుపత్రుల్లో సి-ఆర్మ్ (సి ఆకారపు చేతికి అమర్చిన ఎక్స్‌రే యంత్రం) రోజంతా నడుస్తుంది, వేలాడే తెరలు ఉండవు. అక్కడ పాటించాల్సినవి తక్కువే, గట్టిగా పాటించాలి. ట్యూబ్ కింద, డిటెక్టర్ పైన. తొడ ఎముక మేకు వేసేటప్పుడు లేటరల్‌లో వీలైనంత వరకు డిటెక్టర్ వైపు నిలబడండి. ఆగకుండా తొక్కకుండా ఒక్కో షాట్‌గా తీయండి. సరిచూసుకోవడానికి లేజర్ గీత ఉంటే కిరణం అక్కర్లేదు. ఎముకను చేత్తో పట్టుకుని షాట్ తీయడం మానేసి, పట్టకారుతో పట్టుకోండి. పీసీఎన్ఎల్‌లో (వీపు గుండా కిడ్నీ రాయి తీసే ఆపరేషన్) సూదిని ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే వేళ్లు కిరణం బయట ఉంటాయి. పంక్చర్ అల్ట్రాసౌండ్‌తో చేయగలిగితే ఇంకా మేలు.

ఈఆర్‌సీపీకి (ఎండోస్కోప్‌తో పైత్య నాళాల్లో చేసే పని) ట్యూబ్ పైన ఉండే పాత రకం ఫ్లోరో బల్ల వాడుతుంటే స్కాటర్ నేరుగా ముఖానికి వస్తుంది. ఆ గదిలో తెర, కళ్లద్దాలు లేకుండా పనిచేయకూడదు. వీలైతే ట్యూబ్ కింద ఉండే సి-ఆర్మ్‌కు మారండి.

చిన్న ఆసుపత్రి అయినా యంత్రానికి ఈలోరా అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఏఈఆర్‌బీ అనుమతి, సిబ్బందికి బ్యాడ్జ్‌లు, రెండేళ్లకోసారి క్వాలిటీ పరీక్ష తప్పవు.

గర్భిణి సిబ్బంది

తెలిసిన వెంటనే రాసి చెప్పాలి. చెప్పాక మిగిలిన నెలలన్నిటికీ కలిపి కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. పొట్ట మట్టంలో, ఏప్రాన్ లోపల ఇంకో బ్యాడ్జ్ ఇవ్వండి, దాన్ని నెలనెలా చదివించండి. పని మాన్పించాల్సిన అవసరం సాధారణంగా రాదు. కంట్రోల్ రూముకు మార్చడమా, ల్యాబ్‌లోనే తెర వెనక ఉంచడమా అన్నది ఆమెతో మాట్లాడి, పాత రీడింగులు చూసి నిర్ణయించాలి.

ఏప్రాన్ పరీక్ష

ఏడాదికోసారి, కొత్తది వచ్చిన రోజున కూడా.

1. ప్రతి ఏప్రాన్‌కు నంబరు వేయండి. మడతలు, ఉబ్బులు, కుట్లు చేత్తో తడిమి చూడండి.

2. బల్ల మీద పరిచి ఫ్లోరో కింద జరుపుతూ చూడండి. ఆటోమేటిక్ నియంత్రణ తీసేసి, తక్కువ కేవీలో (ట్యూబ్ వోల్టేజీ) చేతితో సెట్ చేయండి, లేకపోతే యంత్రం లెడ్‌ను చీల్చడానికి డోసు పెంచుకుంటూ పోతుంది. చూసేవారు కంట్రోల్ రూములో ఉండాలి.

3. తెల్లటి గీత అంటే పగులు, చుక్క అంటే రంధ్రం. కుట్టు రంధ్రాల వరస ఉండటం మామూలే.

4. గుండె, ఊపిరితిత్తులు, జననాంగాల మీద వచ్చే పగులు 15 చదరపు మిల్లీమీటర్లు దాటితే, థైరాయిడ్ కాలర్‌లో 11 దాటితే పక్కన పెట్టేయండి. వీపు లేదా అంచుల్లో ఉంటే 670 దాకా ఓర్చుకోవచ్చు.

5. ఫలితం, తేదీ రిజిస్టరులో, ఏప్రాన్ పట్టీ మీద రాయండి.

పగుళ్లు చాలావరకు మడత పెట్టడం వల్ల, కుర్చీ వీపు మీద వేయడం వల్ల వస్తాయి. వెడల్పాటి హ్యాంగర్‌కు వేలాడదీయండి. మరకలు సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి. ఆటోక్లేవ్, బ్లీచ్ వద్దు. పనికిరాని లెడ్ ఏప్రాన్‌ను మామూలు చెత్తలో వేయకూడదు. లెడ్ విషం కనుక, కొన్న చోటికో లెడ్ వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవారికో అప్పగించి రసీదు తీసుకోండి. పోయే ముందు కత్తిరించి పంపండి, లేదంటే పక్క ఊరి ఆపరేషన్ థియేటర్‌లో అదే ఏప్రాన్ మళ్లీ కనిపిస్తుంది.